మినా నడకకు మాదన్నపేటలో సాధన

2025 జనవరి రెండవ వారంలో ఒక ఉదయం అబ్బా ఫజ్ర్ నమాజు నుండి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. కందిపప్పు కిలో పొట్లాలు రెండు తీసి, నా కొడుకు వాడి వదిలేసిన బడి సంచిలో వేసుకున్నారు. సంచిని వీపుకు తగిలించుకొని వాకిట్లో నిలబడి, "ఇక పద" అని అమ్మీని పిలిచారు. అమ్మీ ఆయనను ఎగాదిగా చూసి, "పప్పు మోసుకొని మక్కాకు పోతారా?" అన్నది. అందరం నవ్వుకున్నాము.

ఆ సంవత్సరం హజ్ ఖుర్రాలో వారిద్దరి పేర్లూ వచ్చాయి. అబ్బాకు అప్పటికి అరవై ఆరేళ్ళు. మధుమేహం పట్టుకొని పదిహేనేళ్ళయింది. అమ్మీకి అరవై ఒకటి. కుడి మోకాలు నాలుగేళ్ళుగా సతాయిస్తోంది. వారి వెంట వెళ్ళే వీలు నాకు గాని, తమ్ముడికి గాని లేదు. పాస్‌పోర్టులు, టీకాలు, రుసుము వాయిదాలు, రియాళ్ళు, సూట్‌కేసులకు కట్టే రంగు రిబ్బన్లు - వీటి గురించి ఇల్లంతా మాట్లాడుకునేది. కాళ్ళ గురించి మాట్లాడినది అబ్బా ఒక్కరే. ఆయన కూడా ఎక్కువ మాట్లాడలేదు, పప్పు పొట్లాలు సంచిలో వేసుకున్నారు, అంతే.

ఆయనను అంతగా ఆలోచింపజేసిన నడక ఎంత దూరమో ఒకసారి లెక్క వేసి చూద్దాము. మక్కాలోని పవిత్ర మస్జిద్ నుండి మినా ఆరేడు కిలోమీటర్లు. మినా నుండి అరఫాత్ మైదానం సుమారు పధ్నాలుగు. అరఫాత్ నుండి వెనుకకు ముజ్‌దలిఫా ఎనిమిది, తొమ్మిది. ముజ్‌దలిఫా నుండి మినాకు మరో నాలుగైదు. ఈ దారిలో బస్సులున్నాయి. 2010 నుండి మషాయిర్ రైలు కూడా నడుస్తున్నది. కాని గుడారం నుండి జమరాత్ దాకా కాలినడకే. మన దేశపు హాజీల గుడారాలు చాలా వరకు జమరాత్‌కు దూరంగా ఉంటాయి, కొన్నయితే మినా హద్దు దాటి ముజ్‌దలిఫా నేల మీదనే ఉంటాయి. అటువంటి గుడారం దొరికినవారికి పోను మూడు నాలుగు కిలోమీటర్లు, రాను మూడు నాలుగు కిలోమీటర్లు. జుల్‌హిజ్జా 10, 11, 12 తేదీల్లో వరుసగా మూడు రోజులు ఈ నడక తప్పదు. సఫా, మర్వాల మధ్య ఏడు విడతల సయీ మూడు కిలోమీటర్లకు పైమాటే. తవాఫ్ కింది ప్రాంగణంలో చేస్తే ఒక లెక్క, రద్దీ వలన పై అంతస్తుకు పంపితే ఒక్కొక్క చుట్టూ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇదంతా చల్లని తెల్లవారుజామున, ఖాళీ చేతులతో చేసే షికారు కాదు. లక్షలాది జనంలో, ఎండలో, వీపున సంచితో, ముందు రాత్రి ముజ్‌దలిఫా నేల మీద ఆకాశం కింద పడుకొని లేచిన శరీరంతో నడవాలి.

ఆలి ఇమ్రాన్ అధ్యాయంలోని 97వ వాక్యం హజ్‌ను స్తోమత గలవారిపై విధిగా చేసింది. స్తోమత అనగానే మన ఇళ్ళలో డబ్బే గుర్తుకు వస్తుంది. ధర్మశాస్త్ర పండితులు దారి ఖర్చు, వాహనంతో పాటు శరీర ఆరోగ్యాన్నీ, దారి భద్రతనూ ఆ మాటలో చేర్చి చర్చించారు. డబ్బు స్తోమత కొరకు అబ్బా పధ్నాలుగేళ్ళు చిట్టీలు కట్టారు. శరీర స్తోమతకు ఉన్నది నాలుగు నెలలు.

మాది నల్గొండ వైపు నుండి వచ్చి మాదన్నపేటలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా వద్ద మంత్రిగా పనిచేసిన మాదన్న పేరు మీదుగా వచ్చిన పేట ఇది. ఆ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుండి ఎర్రసముద్రం వైపు ఓడలు వెళ్ళేవి. తరువాతి కాలంలో మన హాజీలు రైలులో బొంబాయికి చేరి, అక్కడ ఓడ ఎక్కి జిద్దాలో దిగేవారు. ఆ ఓడ ప్రయాణం 1995తో ఆగిపోయింది. ఇప్పుడు శంషాబాద్‌లో విమానమెక్కితే కొన్ని గంటల్లో అక్కడ ఉంటాము. వెనుకటివారు మక్కా చేరేసరికే దారి వారిని గట్టిపరిచి ఉండేది. మనము కుర్చీలో నుండి లేచి తిన్నగా ఎడారిలో దిగుతున్నాము.

మొదటి వారం ఇరవై నిమిషాలు నడిచారు. ఇంటి నుండి మండీ దాకా వెళ్ళి, సైదాబాద్ వైపు కొంత దూరం పోయి వెనుకకు వచ్చేవారు. వారానికి పది నిమిషాలు మించకుండా పెంచాలనీ, వారంలో రెండు రోజులు కాళ్ళకు సెలవు ఇవ్వాలనీ అమ్మీ షరతు పెట్టింది. మోకాలు ఆమెది కనుక షరతు పెట్టే హక్కూ ఆమెదే. మొదట ఆమె ఖాళీ చేతులతో నడిచింది. మూడవ వారంలో ఒక కిలో బియ్యం పొట్లం వేసుకున్నది. మేడ మెట్లు రోజుకు ఐదుసార్లు ఎక్కి దిగడం కూడా మొదలు పెట్టింది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే మోకాలు మొరపెట్టుకుంటుందని ఆమె కనిపెట్టింది. సంచి బరువుంటే ఆ మొర ఇంకా పెద్దదవుతుంది.

మాదన్నపేట కూరగాయల మండీ చూసినవారికి నేను వర్ణించనక్కర లేదు. తెల్లవారకముందే ట్రాలీ ఆటోలు, కాలికింద జారే కాలీఫ్లవర్ ఆకులు, తలమీద గంపలతో అడ్డంగా దూసుకుపోయే హమాలీలు. నేను వెంట వెళ్ళిన రోజుల్లో మండీ తప్పించుకొని పక్క గల్లీలో నుండి పోదామనేదాన్ని. అబ్బా ఒప్పుకొనేవారు కాదు. రద్దీలో నడవడం విడిగా నేర్చుకోవలసిన పని అనేవారు. నిజమే. వీపున సంచి ఉన్నవాడు పక్కకు తిరిగితే వెనుక ఉన్నవాడికి తగులుతుంది. వంగితే బరువు తలవైపు జారి ముందుకు తోస్తుంది. చెప్పు ఊడితే వంగి తీసుకోకూడదు. గుంపుకు ఎదురు నిలబడకూడదు. పక్కకు తప్పుకోవాలంటే ఒక్కసారిగా కాక, నడుస్తూ నడుస్తూ అంచుకు చేరాలి. ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడిస్తే మధ్యలో మనుషులు దూరి చేతులు విడిపోతాయి. అందుకని అమ్మీ అబ్బా సంచికి వేలాడే పట్టీని పట్టుకొని ఒక అడుగు వెనుక నడవడం అలవాటు చేసుకున్నది. పెళ్ళయిన నలభై ఏళ్ళకు ఆయన వెనుక నడవడం ఇదే మొదలని ఆమె చమత్కారం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అసలు సంచిని సర్దారు. మినా, అరఫాత్, ముజ్‌దలిఫాల ఐదు రోజులకు కావలసినవి మాత్రమే అందులో పెట్టాలని అనుకున్నారు. మండీలో ఉల్లిపాయల వ్యాపారి కాంటా మీద పెట్టి తూచితే ఏడు కిలోల రెండు వందల గ్రాములు తేలింది. ఆ వ్యాపారి సంచిని ఎత్తి చూసి, ఇందులో ఎన్ని నెలల సరుకుందని అడిగాడట. ఇంటికి వచ్చి చాప మీద అంతా పరిచాము. అదనపు ఇహ్రామ్ బట్టలు రెండు జతలు, నలభై రోజుల మందులు మొత్తం, మామిడికాయ పచ్చడి సీసా, ఉక్కు ఫ్లాస్కు, మూడు దుఆ పుస్తకాలు, ఒక చిన్న గిన్నె, మందపాటి దుప్పటి. గిన్నె ఎందుకని అడిగితే అమ్మీ దగ్గర జవాబు లేదు, అయినా తీయడానికి చేయి రాలేదు.

నలభై రోజుల మందులు మక్కాలోని బసలోనే ఉండవచ్చు, సంచిలోకి ఏడు రోజులవి చాలు. ఒక జత ఇహ్రామ్ చాలు. దుప్పటి బదులు పలుచని దుప్పటీ, మడిచే ప్లాస్టిక్ చాప. దుఆలు ఒక చిన్న పుస్తకంలోనివి సరిపోతాయి, మిగిలినవి ఈ నాలుగు నెలల్లో కంఠస్థం చేసుకోవచ్చు. కంఠస్థమైన దుఆకు బరువు లేదు కదా. ఖర్జూరాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గొడుగు, చిన్న టార్చి, గులకరాళ్ళకు ఒక గుడ్డ సంచి. పన్నెండవ తేదీన మినా విడిచేవారికి నలభై తొమ్మిది రాళ్ళు, పదమూడవ తేదీ కూడా ఉండేవారికి డెబ్బై. చివరకు నీళ్ళు గాక మూడు కిలోలకు దిగింది. లీటరు నీళ్ళంటే కిలో బరువు. సంచిలో అన్నిటికన్నా బరువైనది అదే, ఎన్నటికీ తీయకూడనిదీ అదే. మోకాలి వైద్యుడు అమ్మీకి చెప్పిన హద్దు తన బరువులో పదో వంతు. నాలుగు కిలోలు ఆ హద్దులోనే ఉన్నాయి.

సంచి విషయంలో మేము నేర్చుకున్నది మరొకటి కూడా ఉంది. ఒక భుజానికి వేలాడే సంచితో నాలుగు కిలోమీటర్లు నడిస్తే మెడ పట్టేస్తుంది. రెండు భుజాల సంచి మేలు. బరువైన వస్తువులు అడుగున కాక వెన్నుకు ఆనుకొని పై భాగంలో ఉండాలి. నడుము పట్టీ ఉంటే సగం బరువు భుజాల మీద నుండి దిగిపోతుంది. పురుషులకు ఇహ్రామ్‌లో తల కప్పుకునే వీలు లేదు కనుక గొడుగే నీడ. ఒక చేతిలో గొడుగుంటే వీపు సంచి జేబులోని నీళ్ళ సీసా అందదు. సీసా తీయడానికి గుంపులో ఆగితే వెనుకనున్నవారు మీద పడతారు. అందువలన సీసా ఛాతీ మీదకు వేలాడేటట్లు తాడు కట్టుకోవాలి. ఇంత చిన్న సంగతి తెలియడానికి అబ్బాకు మూడు వారాలు పట్టింది.

మార్చి 2న రమజాన్ ప్రారంభమైంది. ఉపవాసంలో బరువు మోయడం మానేశారు. తరావీహ్ ముగిసిన తరువాత వీధి దీపాల కింద అరగంట ఖాళీగా నడిచి, నీళ్ళు తాగి పడుకొనేవారు. తరావీహ్‌లో నిలబడడం కూడా కాళ్ళకు సాధనేనని అమ్మీ అనేది. ఆరాధనను వ్యాయామంతో కలపవద్దని అబ్బా కసిరారు. ఈ విషయంలో నేను అమ్మీ పక్షమే గాని ఆ రోజు నోరు మెదపలేదు. మార్చి 31న మాదన్నపేట ఈద్‌గాహ్‌లో పండుగ నమాజు చదువుకొని వచ్చేటప్పుడు అబ్బాకు ఒక పాత హాజీ సాబ్ తారసపడ్డారు. రెండుసార్లు హజ్ చేసినవారు. అబ్బా తన నడక గురించి చెప్పి, తమ్ముడు కొనిపెట్టిన స్పోర్ట్స్ బూట్లను ఉత్సాహంగా చూపించారు. ఆ పెద్దాయన బూట్ల వైపు చూసి ఒకే ప్రశ్న వేశారు: "ఇహ్రామ్‌లో ఇవే తొడుక్కుంటారా, భాయ్?"

ఇహ్రామ్‌లో ఉన్న పురుషుడు చీలమండలు కప్పే పాదరక్షలు తొడగకూడదు, మేజోళ్ళు వేసుకోకూడదు. తెరిచి ఉండే చెప్పులే వేసుకోవాలి. ఈ సంగతి అబ్బాకు తెలియక కాదు, పుస్తకంలో చదివిందే. చదివినది కాళ్ళ దాకా దిగలేదు. రెండు నెలలకు పైగా మెత్తటి బూట్లలో మేజోళ్ళతో నడిచి గట్టిపడ్డ పాదాలు వేరు, పట్టీల చెప్పుల్లో నడవవలసిన పాదాలు వేరు. స్త్రీలకు ఈ నిబంధన లేదు. అమ్మీ తన బూట్లతో, మేజోళ్ళతో నిశ్చింతగా వెళ్ళవచ్చు. అంటే ఒకే ఇంట్లో భార్యాభర్తలు చేయవలసిన సాధన రెండు రకాలన్నమాట. మాకు తెలిసిన హజ్ శిక్షణ తరగతుల్లో తవాఫ్, సయీ, తల్బియా గురించి వివరంగా చెబుతారు. చెప్పుల గురించి ఎవరైనా ఒక్క మాట చెబితే బాగుండును.

ఏప్రిల్ మొదటి వారంలో అబ్బా కొత్త చెప్పులు కొన్నారు. పోయిన కాలాన్ని పూరించాలనే తొందర. మొదటి రోజే సంచి పూర్తి బరువుతో యాకుత్‌పురా రైల్వే లైను దాటి, ఇతేబార్ చౌక్ మీదుగా మక్కా మస్జిద్ దాకా నడిచారు. నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మస్జిద్ ప్రాంగణంలో కాసేపు కూర్చొని, ఆటో ఎక్కమన్నా వినక, అంత దూరమూ తిరిగి నడిచి వచ్చారు. గుడారం నుండి జమరాత్‌కు రానూ పోనూ దూరం ఇంతే గదా అని ఆయన సంతోషం. మరుసటి రోజు మళ్ళీ నడిచారు. మూడవ రోజు అస్ర్‌కు వుజూ చేస్తున్నప్పుడు అమ్మీ చూసింది. కుళాయి కింద ఎర్రటి నీళ్ళు. కుడికాలి చిటికెన వేలి పక్క బొబ్బ పగిలి, చర్మం లేచిపోయి ఉంది. నొప్పి లేదా అని అడిగితే, "ఏది?" అని ఆయన కిందికి చూసుకున్నారు.

ఆ "ఏది" అన్న మాట వినే నాకు భయం వేసింది. పదిహేనేళ్ళ చక్కెర వ్యాధి పాదాల స్పర్శను మెల్లగా తినేసింది. మాకు తెలియదు, ఆయనకూ తెలియదు. వైద్యుడు సన్నని నైలాన్ పోగుతో పాదం కింద అక్కడక్కడ తాకుతూ తగిలినప్పుడు చెప్పమన్నారు. చాలాచోట్ల అబ్బా ఏమీ చెప్పలేదు. పుండు చీము పట్టకముందే దొరికింది, అల్‌హమ్దులిల్లాహ్. ఇదే పుండు మినాలో రెండవ రోజున పడి ఉంటే, దుమ్ములో, వేడిలో, నొప్పి తెలియని కాలితో మరో ఇరవై కిలోమీటర్లు నడిచి ఉండేవారని వైద్యుడు నిదానంగా చెప్పారు. అంతకు మించి ఆయన చెప్పలేదు, చెప్పనక్కర లేకపోయింది.

పన్నెండు రోజులు నడక బంద్. ప్రయాణం మే మూడవ వారంలో. ఆ పన్నెండు రోజుల్లో మా ఇంట్లో జరిగిన వాదనలు ఈ వ్యాసంలో పట్టవు. ఈ సంవత్సరం వాయిదా వేసుకోమని తమ్ముడు, మళ్ళీ ఖుర్రాలో పేరు రావద్దా అని అబ్బా. చక్రాల కుర్చీ తీసుకోమని నేను, కాళ్ళుండగా కుర్చీ ఎందుకని ఆయన. అసలు చిక్కు మరోచోట ఉంది. అరఫాత్ నుండి ముజ్‌దలిఫాకు, అక్కడి నుండి మినాకు కాలినడకన పోవాలని ఆయన మనసులో ఎప్పటి నుండో ఉంది. మా దాదా 1970లలో ఓడలో వెళ్ళి అలాగే నడిచారట. పైగా 2022లో కేరళ నుండి ఒక యువకుడు కాలినడకన బయలుదేరి, మరుసటి సంవత్సరం మక్కా చేరిన వార్త మా వీధిలో చాలాకాలం నలిగింది. నడిచి చేసే హజ్‌కు విలువ ఎక్కువన్న మాట అబ్బా గుండెలో నాటుకుపోయింది.

చివరకు ఆయనను కూర్చోబెట్టి మాట్లాడినది మా మస్జిద్ ఇమామ్ గారు. హజ్ అధ్యాయంలో కాలినడకన వచ్చేవారి ప్రస్తావన ముందుగా ఉన్న మాట నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. తరువాత మూడు సంఘటనలు గుర్తు చేశారు. ఒక ముసలివాడు ఇద్దరు కొడుకుల భుజాల మీద వాలి కాళ్ళీడుస్తూ పోతుంటే మహాప్రవక్త (స) ఏమిటని విచారించారు. నడిచి వెళ్తానని మొక్కుకున్నాడని చెప్పారు. ఇతను తనను తాను హింసించుకోవడం అల్లాహ్‌కు అవసరం లేదని చెప్పి, వాహనం ఎక్కమని ఆజ్ఞాపించారు. ఉమ్మె సలమా (రజి) తనకు ఒంట్లో బాగా లేదని విన్నవించుకుంటే, జనం వెనుక నుండి వాహనం మీద తవాఫ్ చేయమన్నారు. శరీరం బరువై మెల్లగా నడిచే సౌదా (రజి) జనసందోహానికి ముందే రాత్రివేళ ముజ్‌దలిఫా విడిచి వెళ్ళడానికి అనుమతి కోరితే ఇచ్చారు. అంతెందుకు, హిజ్రీ 10వ సంవత్సరపు వీడ్కోలు హజ్‌లో మహాప్రవక్త (స) స్వయంగా అరఫాత్ నుండి ఒంటె మీదనే బయలుదేరారు, తొందరపడవద్దని, నెమ్మదిగా సాగమని జనానికి చేతితో సైగ చేస్తూ.

అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఈ నడక అంతా దేనికి?" అని అడిగారు. "తప్పని చోట నడవడానికి" అన్నారు ఇమామ్ గారు.

ఆ రోజు నుండి సాధన రూపం మారింది. వైద్యుడి అనుమతితో ఏప్రిల్ నాలుగవ వారంలో మళ్ళీ మొదలైంది. కొత్తవి పక్కన పెట్టి, మెత్తని అడుగున్న వెడల్పు పట్టీల చెప్పులు తెచ్చారు. మొదటి రోజు పది నిమిషాలు, సంచి లేకుండా. ఇంటికి రాగానే అద్దం నేల మీద పెట్టి పాదం అడుగు చూసుకోవాలి, వేళ్ళ సందులు తుడుచుకోవాలి, అమ్మీ మరొకసారి చూడాలి. నడక పెరిగితే చక్కెర తగ్గుతుంది కనుక మాత్రల మోతాదు వైద్యుడు సరిచేశారు. జేబులో ఎప్పుడూ ఖర్జూరాలు ఉండాలన్నారు. ఇహ్రామ్ కట్టుకొని మేడ మీద సంచితో నడిచి చూసినప్పుడు పైబట్ట సంచి పట్టీల కింద నుండి జారిపోతూ వచ్చింది. సంచి ముందు తగిలించుకొని, బట్టను దాని మీదుగా కప్పుకుంటే నిలిచింది. కుట్టు బట్ట లేకుండా నడిచే పురుషులకు తొడలు ఒరుసుకొని మండుతాయి. సిగ్గుపడి ఎవరూ చెప్పని బాధ ఇది. సువాసన లేని వాసెలైన్ ముందుగానే రాసుకుంటే సరిపోతుంది. సువాసన ఉన్నది ఇహ్రామ్‌లో పనికిరాదు, డబ్బా మీద చూసి కొనాలి.

అందరికన్నా ఎక్కువ మారినది సంచి. దానిని ఇక అమ్మీ మోస్తానన్నది. మోకాలికి హద్దు నాలుగు కిలోలు, అబ్బా పాదానికి హద్దు ఏమీ లేకపోవడం. లెక్క అట్లా తేలింది. అబ్బాకు అది మింగుడు పడలేదు. నాలుగు రోజులు ఆమె వెనుక పట్టీ పట్టుకొని నడుస్తూ, ఎవరైనా ఎదురైతే పట్టీ వదిలేసేవారు. ఐదవ రోజు వదలలేదు.

ఎండ సంగతి వేరుగా చెప్పాలి. 2024 జూన్ 17న మక్కాలోని పవిత్ర మస్జిద్ వద్ద ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ ఏడాది హజ్‌లో 1,301 మంది మరణించినట్లు సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో నూటికి ఎనభై మందికి పైగా అనుమతి లేకుండా వచ్చినవారు. గుడారం లేక, బస్సు లేక, నీడ లేక ఎండలో మైళ్ళకొద్దీ నడిచినవారు. మన దేశపు హాజీలు కూడా వివిధ కారణాలతో కన్నుమూశారు. ఈ వార్తలు మా ఇంట్లో అందరమూ చదివాము. శరీరం వేడికి అలవాటు పడడానికి రెండు వారాలు పడుతుంది, అదీ కొద్దికొద్దిగా. మే నెలలో హైదరాబాద్ ఎండ అందుకు చాలు. కాని సాధన పేరుతో మధ్యాహ్నం నడవడం పిచ్చితనం. వారు అస్ర్ తరువాత పదిహేను నిమిషాలతో మొదలు పెట్టి నలభై దాకా వెళ్ళారు. దాహం వేయకముందే గుక్కెడు నీళ్ళు, గంటకొకసారి ఓఆర్‌ఎస్. తల తిరిగినా, మాట తడబడినా, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలినా నడక అక్కడే ఆపి నీడకు చేరాలి, మరొకరు సాయం పిలవాలి. ఈ లక్షణాలు ఎదుటివారిలో గుర్తుపట్టడం ఇద్దరికీ నేర్పాము. ఎండదెబ్బ తగిలినవారికి తమకు తగిలిందని తెలియదు.

ప్రయాణానికి మూడు రోజుల ముందు చివరిసారి మక్కా మస్జిద్ దాకా నడిచారు. ఆ మస్జిద్ మధ్య కమానులో మక్కా మట్టితో చేసిన ఇటుకలున్నాయని పెద్దలు చెబుతారు. అమ్మీ వీపున నాలుగు కిలోలు, అబ్బా చేతిలో గొడుగు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ అడగకముందే అబ్బా ఆటోను చేయెత్తి ఆపారు.

జూన్ 5 అరఫాత్ దినం. ఉదయం 10 నుండి సాయంత్రం 4 దాకా గుడారాలు విడిచి రావద్దని సౌదీ అధికారులు ఆ ఏడాది హాజీలకు చెప్పారు. వారిద్దరూ గుడారంలోనే దుఆ చేసుకున్నారు. రాత్రి బస్సులో ముజ్‌దలిఫా చేరారు. మరుసటి రోజు జమరాత్ దాకా నడక, అబ్బా మెత్తని చెప్పులతో, చిటికెన వేలికి ముందుగానే కట్టు వేసుకొని. రాళ్ళు వేసి, ఖుర్బానీ అయి, తల గొరిగించుకున్నాక ఇహ్రామ్ బట్టలు విడిచే అనుమతి వస్తుంది. పదకొండు, పన్నెండు తేదీల్లో జమరాత్‌కు నడిచినది తమ్ముడు కొనిపెట్టిన ఆ స్పోర్ట్స్ బూట్లతోనే. రెండు నెలల నడక వృథా పోలేదని ఫోనులో మూడుసార్లు చెప్పారు. తవాఫె జియారత్ తరువాత సయీలో మూడు విడతలయ్యేసరికి అమ్మీ మోకాలు మొరాయించింది. మిగిలిన నాలుగు విడతలు చక్రాల కుర్చీలో పూర్తి చేసింది. ఆ కుర్చీ పక్కన సంచి మోస్తూ నడిచినది అబ్బా.

ఆ సంచి ఇప్పుడు మా ఇంట్లో లేదు. రానున్న హజ్‌కు పేర్లు వచ్చిన పక్క గల్లీ దంపతులు పట్టుకుపోయారు. అందులో రెండు కిలోల కందిపప్పు కూడా పెట్టి పంపింది అమ్మీ. చెప్పులు ముందు చూపించమని వాళ్ళను వాకిట్లోనే నిలబెట్టింది.